దిగంబరుడి లంకెబిందెలు

ఒంటిమీద నూలుపోగు లేని జైన సన్యాసులుండే దేశంలో చాకలికి ఏం పని దొరుకుతుందని సంస్కృతంలో ఒక పాత ప్రశ్న ఉంది: ‘నగ్నక్షపణకే దేశే రజకః కిం కరిష్యతి?’ చాకలి సంగతి ఏమో గానీ, దొంగకు మాత్రం అక్కడ చేతినిండా పని ఉంటుందని పాలమూరు, నల్లగొండ గుట్టల్లో నాలుగడుగులు వేసిన ఎవరైనా చెబుతారు. ఏమీ లేనివాడి ఇంటికే పదేపదే కన్నం వేసిన ఘనత మనది. ఈ ఘనతకు రావలసిన గుర్తింపు ఇంకా రాలేదన్నదే నా బాధ.

నల్లమల అంచున ఒక ఊరు. పేరు రాయను, రాస్తే పాఠకులకంటే ముందు జేసీబీ చేరుకుంటుంది. ఊరు దాటి మోదుగ చెట్లలోంచి, తునికి పొదలను తప్పించుకుంటూ గుట్ట ఎక్కితే కల్యాణి చాళుక్యుల కాలపు బసదిలో, అంటే జైన గుడిలో, మిగిలిన భాగం కనిపిస్తుంది. సీతాఫలం చెట్లు ఎప్పుడో లోపలికి వచ్చి స్థిరపడ్డాయి. ద్వారబంధం ఉంది, గోడలు లేవు. ఏ వైపు నుంచైనా లోపలికి నడవవచ్చు. అయినా నేను మర్యాదగా తల వంచి ద్వారం గుండానే వెళ్ళాను. నాలుగు నల్లరాతి స్తంభాలు, ఒక మూల జారిన కప్పురాయి, దాని కింద మేకల పెంట. జైనులు కొలిచే తీర్థంకరుడు బయట, మోకాళ్ళ దాకా మట్టిలో, చేతులు రెండు పక్కలా వేలాడదీసి కాయోత్సర్గ భంగిమలో నిలబడి ఉన్నాడు. తల లేదు. నడుముకు మాత్రం ఎవరో పుణ్యస్త్రీ పసుపు గుడ్డ చుట్టింది. రాజ్యంతో పాటు బట్ట కూడా వదిలేసిన వాడికి వెయ్యేళ్ళ తర్వాత మళ్ళీ ఒక గుడ్డ అంటగట్టాం.

ఇక గోతులు. గర్భగుడి మధ్యలో ఒకటి, నిలువెత్తు లోతు. మండపంలో ఒకటి. విగ్రహం పీఠం తిరగేసి దాని కింద ఒకటి. శాసనం రాయి పడి ఉన్న చోట దానికి ఈశాన్యంగా ఇంకొకటి. పాత గోతుల్లో గడ్డి మొలిచింది, కొత్త గోతి పక్కన నిమ్మకాయ ముక్కలూ కుంకుమా ఉన్నాయి. వీటిని చూసి చరిత్ర ప్రేమికులు కన్నీళ్ళు పెట్టుకుంటారు. నాకు మాత్రం గౌరవం కలిగింది. ఈ గుడిమీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళు చాళుక్యుల తర్వాత మరొకరు లేరు.

మన దగ్గర పురాతత్వానికి రెండు శాఖలున్నాయి. ఒకటి పగటి శాఖ. నిజాం పాలనలో 1914లో మొదలైంది. గులాం యజ్దానీ వంటి పండితుడు దాన్ని నడిపించాడు. ఆ మహానుభావుడిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ పగటి శాఖ గుట్ట ఎక్కాలంటే ఉత్తర్వు కావాలి, నిధులు కావాలి, వాహనం కావాలి, ఆ వాహనానికి దారి కావాలి. రెండోది రాత్రి శాఖ. దీనికి జీతాలు లేవు, ప్రయాణ భత్యం లేదు, సెలవు లేదు. అమావాస్య నాడు ప్రపంచమంతా తలుపులు వేసుకుంటే వీళ్ళు పనిలోకి దిగుతారు. ఖర్చు సొంతం. అప్పుచేసి, పొలం కుదువపెట్టి తవ్విన వాళ్ళున్నారు. పరిశోధనకు ఇంటిని పణంగా పెట్టిన పరిశోధకుణ్ణి విశ్వవిద్యాలయాల్లో చూపించండి, నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

వాళ్ళ పరిశోధనా పద్ధతి కూడా తక్కువదేమీ కాదు. ముందు పాయాళును వెతుకుతారు. కాళ్ళు ముందుగా భూమ్మీద పడినవాడి కంటికి అంజనం వేస్తే భూమి లోపలిది కనిపిస్తుందని సిద్ధాంతం. అంజనంలో ఏదో మసకగా మెరుస్తుంది. ఆ మెరుపు ఏడడుగుల లోతులో ఉందో, పధ్నాలుగు అడుగుల లోతులో ఉందో స్వామీజీ నిర్ణయిస్తాడు. లోతు పెరిగిన కొద్దీ దక్షిణ పెరుగుతుంది. తర్వాత శాసన పరిశీలన. మన శాసనాల నెత్తిన సూర్యుడు, చంద్రుడు ఉంటారు. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లుతుందని దాని భావం. కొన్నింటిమీద దూడకు పాలిస్తున్న ఆవు కూడా ఉంటుంది. పగటి శాఖ పండితులు ఇంతటితో ఆగిపోతారు. రాత్రి శాఖ ఇంకా ముందుకు వెళుతుంది. సూర్యుడు పగలు, చంద్రుడు రాత్రి, రెండింటి నడుమ సంధ్య, ఆవు మొహం ఎటుంటే అటు ఇరవై ఒక్క అడుగులు. కింద ఉన్న కన్నడ అక్షరాలు చదవవలసిన అవసరమే పడలేదు. అందులో దీపానికి నూనె ఇచ్చిన గానుగ లెక్కో, బసదికి రాసిచ్చిన పొలం హద్దులో ఉంటాయి తప్ప లంకెబిందెల ఊసు ఉండదని వాళ్ళకు ముందే తెలుసేమో.

విగ్రహశాస్త్రంలోనూ వాళ్ళది స్వతంత్ర మార్గం. తపస్సులో ఉన్న పార్శ్వనాథుడి మీద శత్రువు కుండపోత వాన కురిపిస్తే నాగరాజు ధరణేంద్రుడు ఏడు పడగలు విప్పి గొడుగు పట్టాడని జైనుల కథ. రాత్రి శాఖ లెక్కలో అది నాగబంధం. పాము కాపలా ఉందంటే కింద ఏదో ఉన్నట్టే. ఒక తలకే కాపలా ఉంటే ఒక బిందె అనుకోవచ్చు. ఏడు తలలు కాపలా కాస్తున్నాయంటే ఎంత సొమ్మో మీరే ఊహించుకోండి. పీఠంమీద ఎద్దు గుర్తుంటే ఆయన ఆదినాథుడు. వాళ్ళకు అది నంది. నంది కడుపులో వజ్రాలుంటాయని లోకమంతా నమ్ముతుంది కనుక పీఠాన్ని ఉలితో విప్పి చూడక తప్పదు. సింహం గుర్తున్న మహావీరుడికీ మినహాయింపు లేదు. ఇరవై నలుగురు తీర్థంకరులనూ సమదృష్టితో చూసిన ఏకైక సంస్థ ఇది.

అసలు చిక్కు ఇక్కడే ఉందని కొందరు గొణుగుతారు. జైన సన్యాసి అయిదు వ్రతాల్లో ఒకటి అపరిగ్రహం, ఏదీ సొంతం చేసుకోకపోవడం. దిగంబర ముని చేతిలో ఉండేది నెమలి పింఛాల కుంచె, కమండలం. రోజుకు ఒక్కసారి, నిలబడి, చేతిలో పెట్టినది తింటాడు. గిన్నె కూడా లేనివాడు బిందెలు ఎందుకు దాస్తాడని వాళ్ళ ప్రశ్న. ఈ ప్రశ్న వేసేవాళ్ళు ఎన్నికల అఫిడవిట్లు చదవరని అర్థం. తన పేరున కారు కూడా లేదని ప్రమాణం చేసిన నాయకుడు ఎన్ని కార్లలో తిరుగుతాడో మన పల్లెలో చిన్నపిల్లవాడికీ తెలుసు. ఏమీ లేదన్నవాడి దగ్గరే అంతా ఉంటుందన్నది అనుభవం నేర్పిన పాఠం. ఈ దేశంలో ఒంటిమీద గోచీ కూడా లేకుండా నిలబడినవాడికి ఎన్ని బినామీ ఆస్తులుండాలి?

అహింస గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేలలోని సూక్ష్మజీవులు చస్తాయని జైన ముని అడుగు వేసేముందు నేలను కుంచెతో సున్నితంగా తుడుస్తాడు. నియమం పాటించే జైనుల ఇళ్ళలో ఉల్లి, ఆలు, ముల్లంగి తినరు. వేరు పీకితే మొక్కతో పాటు దాన్ని అంటుకున్న ప్రాణులూ పోతాయని. ఒక ఆలుగడ్డ కోసం మట్టి కదపడానికి సంకోచించిన మతం తాలూకు గర్భగుడిని మనం యంత్రం పెట్టి తవ్వుతున్నాం. తవ్వేముందు నల్లకోడిని కోస్తున్నాం, స్తోమత ఉంటే మేకపోతును. తీర్థంకరుడికి తల లేకపోవడం ఒక రకంగా మేలే. ఆయన ఇవన్నీ చూడనవసరం లేదు.

ఇదంతా నేరం కాదా అని అడుగుతారు. నేరమే. ఆ శాసనం రాయి మీదే శిక్ష చెక్కి ఉంటుంది. తానిచ్చినదైనా, పరులిచ్చినదైనా దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్ళు అమేధ్యంలో పురుగై పుడతాడని. మనకు స్వాతంత్ర్యం వచ్చాక శిక్షలను మానవీయం చేశారు. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాల దగ్గర నీలం బోర్డుమీద మూడు నెలల జైలు లేదా అయిదు వేల రూపాయల జరిమానా అని రాసి ఉండేది. 2010లో దాన్ని రెండేళ్ళకూ లక్ష రూపాయలకూ పెంచారు. అరవై వేల ఏళ్ళ నుంచి రెండేళ్ళకు దిగిరావడం న్యాయచరిత్రలో గొప్ప మలుపు. పైగా పురుగు జన్మకు బెయిలు లేదు. నేను చెబుతున్న గుట్టమీద అయితే నీలం బోర్డు కూడా లేదు కాబట్టి పాత శిక్షే అమల్లో ఉన్నట్టు భావించాలి.

1878లో తెల్లవాళ్ళు చేసిన నిధుల చట్టం ఇంకా మన నెత్తిన ఉంది. భూమిలో దాగి ఉన్న విలువైనది ఏదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలు! రాత్రి శాఖ ఈ చట్టాన్ని ఇంతవరకు ఉల్లంఘించిన దాఖలా నాకు కనిపించదు. తవ్వినవాళ్ళలో పది రూపాయలు దొరికినవాడెవడు? బియ్యపు గింజలను లాగుతుందని నమ్మించిన ‘రైస్ పుల్లింగ్’ చెంబు కొన్నవాడు, రెండు తలల పాముకు బయానా ఇచ్చినవాడు, అంజనం స్వామికి పొలం రాసిచ్చినవాడు అందరూ చట్టానికి లోబడిన పౌరులే.

ఒక న్యాయమైన పోలిక కూడా చేయాలి. జైన క్షేత్రాలన్నీ ఇలాగే లేవు. పాత నల్లగొండ జిల్లా కొలనుపాకలో పాలరాతి హంగులతో ఆదినాథుడు, పచ్చరాతి మహావీరుడు నిత్యపూజలు అందుకుంటున్నారు. యాత్రికులు వస్తారు, వసతి ఉంటుంది. భక్తులున్న దేవుడి పీఠం కింద గడ్డపార దించడానికి ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది. 7, 8 శతాబ్దాల నాటిదని చెప్పే ఇటుకల కట్టడం. రాతి గుళ్ళు నేలమట్టమైన జిల్లాలో ఇటుక గుడి నిలబడటం చూస్తే కట్టినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది. అక్కడి తీర్థంకరులు ఎప్పుడో మ్యూజియం చేరారు. అంటే భక్తులైనా ఉండాలి, లేదా దూరం నుంచి కనిపించే ఎత్తయినా ఉండాలి. రెండూ లేని దేవుడు అడవిలో తన కర్మను తాను క్షయం చేసుకోవాలి. అది ఎలాగూ జైన సిద్ధాంతమే.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది స్యాద్వాదం. జైన శాసనాలు సాధారణంగా ఆ సిద్ధాంతాన్ని స్తుతిస్తూనే మొదలవుతాయి. ఏ విషయాన్నీ ఇదే అని తెగేసి చెప్పకుండా ఏడు విధాలుగా చెప్పే తర్కం అది. ఒక దృష్టిలో ఉంది. ఒక దృష్టిలో లేదు. ఉంది, లేదు కూడా. చెప్పడానికి వీలు కాదు... ఇలా సాగుతుంది. ఈ మతం తెలంగాణ పల్లెల్లో అంతరించిందని పండితులు అంటారు. నేను ఒప్పుకోను. లంకెబిందెలు ఉన్నాయా అని స్వామీజీని అడిగి చూడండి. ఒక దృష్టిలో ఉన్నాయి. ఒక దృష్టిలో లేవు, భూమిలోనే పక్కకు జరిగిపోయాయి. ఉన్నాయి గానీ మనకు లేవు, పూజలో లోపం. చెప్పడానికి వీలు కాదు, పోలీసులు వింటారు. గుడి ఎవరిదని అధికారులను అడగండి. చెట్టు అటవీ శాఖది, చెట్టు నీడలో ఉన్న స్తంభం మాత్రం కాదు. స్తంభం వారసత్వ సంపదే, కానీ అది నిలబడిన నేల మా పరిధి కాదు. రక్షిత కట్టడమా అంటే ప్రతిపాదన వెళ్ళింది, అంటే ఉంది. ఉత్తర్వు రాలేదు, అంటే లేదు. ఈ ఏడు విధాల సప్తభంగి న్యాయాన్ని ఇంత నిష్ఠగా పాటించే దేశం వేరొకటి ఉండదు.

ఎప్పుడైనా దొంగలు దొరికితే విగ్రహానికి మోక్షం బదులు ఠాణా దొరుకుతుంది. పట్టుబడిన మోటార్ సైకిళ్ళ వరసలో, ఇసుక ట్రాక్టరు పక్కన తీర్థంకరుణ్ణి నిలబెడతారు. నేనే పంచనామా రాయవలసి వస్తే ఇలా రాస్తాను: పురుష విగ్రహం, నల్లరాయి, తల లేదు. దుస్తులు: లేవు. వద్ద దొరికిన సొత్తు: ఏమీ లేదు. నివాసం: లేదు. తండ్రి పేరు: మహావీరుడే అయితే సిద్ధార్థుడు. వృత్తి: అన్నీ వదిలేయడం. కేసు తేలేదాకా కదలకుండా నిలబడమని చెప్పనవసరం లేని ముద్దాయి ఆయన ఒక్కడే.

అందుచేత రాత్రి శాఖను క్రమబద్ధీకరించాలని ప్రభుత్వానికి విన్నపం రాసుకుని, మద్దతుగా సంతకం దొరుకుతుందేమోనని అక్కడే మేకలు కాస్తున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

“పెద్దయ్యా, ఇక్కడ తవ్వేవాళ్ళ గురించి మీ అభిప్రాయం ఏమిటి?”

“తవ్వుకోనీ సారూ. మా తాత కాలం నుంచీ తవ్వుతున్నారు.”

“ఎవరికైనా ఏమైనా దొరికిందా?”

“పోయిన అమావాస్యకు తవ్విన గోతిలో నా మేకపిల్ల దొరికింది. కాలు విరిగి ఉంది.” ఆయన కర్రతో గర్భగుడి వైపు చూపించాడు. “మీరు పేపరుకు రాసేవాళ్ళు కదా. తవ్వొద్దని రాస్తే వినరు. తవ్వి పూడ్చమని రాయండి.”

రాస్తున్నాను. అమావాస్య నాడు వచ్చే పెద్దలారా, గోతి పక్కనే మీరు తోడిన మట్టి కుప్పగా ఉంది. వెళ్ళేముందు దాన్ని తిరిగి గోతిలోకి నెట్టండి. జేసీబీ ఎలాగూ మీదే, రెండు నిమిషాల పని.