స్టాండప్ అంటే హాజరు పట్టీ కాదు

సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతలుగా తయారుచేసే అజైల్ అనే పద్ధతి పేరు చెప్పి కంపెనీల్లో జరుగుతున్నది చూస్తుంటే కోపం వస్తోంది. నేను విజయనగరంలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తున్నాను. టీమ్‌లో రాజాం, పాలకొండ వైపు పిల్లలున్నారు. కోడ్ బాగా రాస్తారు. స్టాండప్‌లో, అంటే రోజూ టీమ్ అంతా కలిసే చిన్న మీటింగ్‌లో, మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "బ్లాకర్స్ (పనికి అడ్డంకులు) ఏమీ లేవు సార్." కాల్ అయ్యాక నాకు విడిగా ఫోన్. "అన్నా, టెస్ట్ సర్వర్ యాక్సెస్ ఇంకా రాలేదు, పని ఆగిపోయింది." మరి అక్కడే చెప్పొచ్చు కదా అంటే, "అందరి ముందూ నిలదీస్తారన్నా, టెన్షన్."

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. స్క్రమ్ అనేది అజైల్‌లో ఒక పద్ధతి; దాని నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ ప్రకారం డైలీ స్క్రమ్ (మనం స్టాండప్ అనేది ఇదే) 15 నిమిషాలు, అదీ డెవలపర్లు ఆ రోజు పనిని తమలో తాము సర్దుకోవడానికి. మన దగ్గర ముప్పావు గంట సాగుతుంది, ఒక్కొక్కరూ మేనేజర్‌కి లెక్క అప్పజెబుతారు. స్టోరీ పాయింట్లూ అంతే. పని ఎంత పెద్దదో టీమ్ తన కోసం వేసుకునే అంచనాను మార్కులుగా మార్చేశారు. పక్క టీమ్‌తో పోల్చి "మీరింతేనా?" అంటే, తర్వాతి స్ప్రింట్‌లో (పని విడతలో) 3 పాయింట్ల పనికి 8 వేస్తారు. ఇది నేను కళ్లారా చూస్తున్నదే.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టోలో మొదటి విలువ ఏమిటి? పద్ధతులు, టూల్స్ కంటే మనుషులూ వాళ్ల మధ్య మాటలూ ముఖ్యమని. మనం పనులు నమోదు చేసే జిరా అనే టూల్ కొని మాటలు ఆపేశాం.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి టీమ్‌లను పరిశీలిస్తే, మంచి టీమ్‌లలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయట. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, జరిగింది భయపడకుండా చెప్పగలిగారు కాబట్టి అని ఆమె వివరించారు. తప్పు దాచిపెట్టే టీమ్ రిపోర్టు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

మన వైపు పిల్లలకి దీనిపైన ఇంకో బరువు, యాస. ఒకసారి రెట్రోలో, అంటే స్ప్రింట్ చివర ఏది బాగా జరిగింది, ఏది జరగలేదని మాట్లాడుకునే మీటింగ్‌లో, ఓ అమ్మాయి "ఏటండీ" అంటే నవ్వారు. ఆ తర్వాత ఆమె రెట్రోలో మైక్ ఆన్ చేయడమే మానేసింది. రిలీజ్‌లో ఎక్కడ దెబ్బ తింటామో ఆమెకే బాగా తెలుసు. ఆ నవ్వినవాళ్లను ఆపని మేనేజర్‌ని నేను క్షమించలేను.

మేనేజర్లూ, లీడ్‌లూ, రెట్రోలో టీమ్‌ని కాసేపు వాళ్లలో వాళ్లని మాట్లాడుకోనివ్వండి, మీరు బయటికి వెళ్లండి. పాయింట్లను అప్రైజల్‌లోకి లాగకండి. మీలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లి లీడ్‌లైనవాళ్లు చాలామందే ఉన్నారు. రేపటి స్టాండప్‌లో మీ పని ఎక్కడ ఆగిందో ముందు మీరే చెప్పండి, మన యాసలోనే.