మూన్‌స్టోన్‌కి సితార్ ఎందుకండీ?

విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ని ఈమధ్య ఆడియో నాటకంగా విన్నాను. ఎవరు చేసిందో చెప్పను, తిట్టబోతున్నాను కాబట్టి.

1868లో డికెన్స్ పత్రికలో వారం వారం వచ్చిన ఈ నవల అసలు చెవి కోసమే పుట్టినట్టుంటుంది. యార్క్‌షైర్ తీరంలో ఒక పెద్దింటి అమ్మాయి రేచల్‌కి పద్దెనిమిదో పుట్టినరోజున మూన్‌స్టోన్ అనే వజ్రం చేతికొస్తుంది. తెల్లారేసరికి మాయం! ఇక కథంతా వాంగ్మూలాలే. ఎవరికి వాళ్లు తాము చూసింది, అప్పటికి తమకు తెలిసింది మాత్రమే చెప్పాలి. తర్వాత తెలిసినవి కలపకూడదు.

ఇంటి పెత్తనం చూసే ముసలి బెటరెడ్జ్‌కి గొంతు ఇచ్చినాయనకి మాత్రం దండం పెట్టాలి. మనవాళ్లు రామాయణం తెరిచి శకునం చూసుకున్నట్టు, ఈయన కష్టమొచ్చినప్పుడల్లా రాబిన్సన్ క్రూసో నవల తెరుస్తాడు. నటుడు ఆ పేజీ తిప్పడం కూడా తీరిగ్గా, భక్తిగా తిప్పాడు.

మిస్ క్లాక్ దగ్గరే ఒళ్లు మండింది. జబ్బుతో ఉన్న బంధువు ఇంట్లో సోఫా దిండ్ల కింద, పూలకుండీల్లో మతప్రచార కరపత్రాలు దాచిపెట్టే మనిషి ఆవిడ. తను మహా పుణ్యాత్మురాలినని నిజంగానే నమ్ముతుంది, నవ్వొచ్చేది అందుకే. ఇక్కడ నటి మొదటి మాట నుంచే కీచుగొంతుతో కామెడీ మొదలుపెట్టింది. ఇంక నవ్వడానికి మనకేం మిగిలింది?

దానికన్నా పెద్ద తప్పు రేచల్ విషయంలో జరిగింది. ఆ రాత్రి సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసిన పిల్ల తను. కాలిన్స్ ఆమెకి వాంగ్మూలమే ఇవ్వలేదు. ఆమె మౌనాన్ని మిగతావాళ్లు తలో రకంగా అర్థం చేసుకుంటారు, మనమూ వాళ్లతోపాటు తప్పటడుగులు వేస్తాం. నాటకంలో వాంగ్మూలాలు పగలగొట్టి డైలాగులు చేశారు. రేచల్ నోరు తెరవగానే గొంతులో వణుకు, ఒక వెక్కు. మొదటి భాగంలోనే సగం గుట్టు రట్టయింది. (దొంగ ఎవరో చెప్పను, భయపడకండి.)

వాంగ్మూలం లేని మరో ముగ్గురు, వజ్రం వెతుక్కుంటూ వచ్చిన మన బ్రాహ్మణులు. వాళ్లు రాగానే సితార్! ప్రతిసారీ! నవల మొదలయ్యేదే 1799లో శ్రీరంగపట్నం దోపిడీతో. ఇంగ్లిష్ అధికారి హెర్న్‌కాజిల్ కాపలావాళ్లని చంపి రాయి కాజేస్తాడు. ఆ ఘట్టానికి నాటకంలో నాలుగు ఫిరంగి మోతలు, ఒక అరుపు. అంతే. చివర్లో గుజరాత్‌లోని కాఠియవాడ్‌లో వజ్రాన్ని చంద్రదేవుడికి తిరిగి అప్పగించి, దానికోసం కులం వదులుకున్న ఆ ముగ్గురూ ప్రాయశ్చిత్తంగా ఇక జీవితంలో కలవకుండా మూడు దారులు పడతారు. దాన్ని ఒక్క లైనులో తేల్చేశారు. 1857 తిరుగుబాటు జరిగి పదేళ్లు దాటీ దాటకముందే ఒక ఇంగ్లిష్ రచయిత వాళ్లకి అంత గౌరవం ఇచ్చాడే, ఇప్పటివాళ్లకి ఏం రోగం? పైగా తన కథకి ప్రేరణల్లో కోహినూర్ ఒకటని ముందుమాటలో ఆయనే రాసుకున్నాడు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే రాయి కదా, నాకు ఇంకాస్త ఎక్కువే మండింది.

వినాలనుకునేవాళ్లు నాటకం పక్కనపెట్టి పూర్తి నవల చదివిన ఆడియోబుక్ వినండి. ఒక్కో సాక్షికి ఒక్కో గొంతు ఉన్నది దొరికితే మరీ మంచిది. మిస్ క్లాక్ భాగం మాత్రం బస్సులో పెట్టుకోకండి, పక్కసీటువాళ్లు అదోలా చూస్తారు.