ఫ్లెక్సీ దర్శనం

మ్యూజియం అంటే పాత శిల్పాలూ పగిలిన కుండలూ భద్రపరిచే చోటు అని భ్రమపడేవారు మన మధ్య ఇంకా కొందరున్నారు. వారి అజ్ఞానం పోగొట్టడం నా కర్తవ్యం. మ్యూజియం అంటే ఫ్లెక్సీ కట్టడానికి వీలుగా గోడలూ కప్పూ ఉన్న భవనం. ఈ జ్ఞానం నాకు శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల పిల్లల వెంట వెళ్లినప్పుడు కలిగింది. పెద్దవాళ్లు ఒకరిద్దరు తోడు ఉంటే మంచిదన్నారు. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు ‘మావయ్యా, నువ్వు రా’ అంది. వెళ్లాను. బడి పేరూ మ్యూజియం పేరూ చెప్పను. మీ ఊరి పిల్లల్నీ ఇలాగే తీసుకెళ్లి ఉంటారు కనుక ఆ పేర్లు మీరే పూరించుకోగలరు.

కార్యక్రమం పేరు ‘విద్యార్థులలో కళాభిరుచి పెంపొందించుట’. దాని కోసం బస్సులో పిల్లలకంటే ముందు ఎక్కింది ఫ్లెక్సీ. చుట్ట చుట్టి, మడత పడకుండా, వెనక సీటు మొత్తం దానికే కేటాయించారు. పిల్లలు ముగ్గురి సీటులో ఐదుగురు చొప్పున సర్దుకున్నారు.

హాలు మధ్యలో నిలువెత్తు విగ్రహం ఒకటి ఉంది. ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలన్న విషయం మీద మాస్టార్లు గంభీరంగా చర్చించారు. ఒక పక్క తాడు కిటికీ చువ్వకు అందింది. రెండో పక్క ఎంత వెతికినా ఆధారం లేదు. చివరికి ఇనుప కడ్డీ మీద నిలబెట్టిన ‘విగ్రహాలను తాకరాదు’ అనే బోర్డుకే రెండో తాడు బిగించారు. ఇందులో నియమ భంగం లేదని పాఠకులు గమనించాలి. విగ్రహాన్ని ఎవరూ తాకలేదు. చూడనూ లేదు, ఎందుకంటే అది ఫ్లెక్సీ వెనక ఉండిపోయింది.

కళాభిరుచి పెంచుకోవడానికే వచ్చాం కనుక, కళ్ల ముందున్న కళనే శ్రద్ధగా పరిశీలించాను. ఫ్లెక్సీని తేలిగ్గా తీసిపారేసేవారికి శిల్పశాస్త్రం తెలియదని అప్పుడు అర్థమైంది. మన ప్రాచీన శిల్పులు హోదాను బట్టి పరిమాణం నిర్ణయించేవారు. దేవుడు నిండుగా, పరిచారకులు ఆయన నడుము ఎత్తున, దానమిచ్చిన గృహస్థు పీఠం దగ్గర చేతులు జోడించి బొటనవేలంత. ఫ్లెక్సీలో ఈ సంప్రదాయం వెంట్రుకవాసి తప్పలేదు. పెద్ద తల, దాని పక్కన మధ్య తల, అంచు వెంబడి చిన్న తలల వరుస. అమరావతి స్తూపం పలకల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నట్టే ఇక్కడ అడుగున ‘సౌజన్యం’ అని రాసి ఒక సిమెంటు దుకాణం యజమాని ఫోటో వేశారు. పూర్వం విగ్రహాల చేతి ముద్రలు చాలా ఉండేవి: ధ్యానం, భూమిస్పర్శ, వరదం, ధర్మచక్రం. ఇప్పుడు వాడుకలో మిగిలినవి రెండే. గెలవక ముందు అంజలి, గెలిచాక అభయం. తల వెనక ప్రభామండలం మాత్రం ఎవరికీ లోటు చేయలేదు. సిమెంటు దుకాణం ఆయనకు కూడా కిరణాలు పెట్టారు.

విద్యార్థులు లేరా అంటారేమో, ఉన్నారు. ఇంటర్నెట్టులో దొరికిన తెల్లపిల్లలు ఇద్దరు, వీపున సంచులతో, ఒక మూల నవ్వుతున్నారు. కళ కూడా ఉంది. ఇంకో మూల కుంచె, రంగుల పలక.

ఇక ఫోటో. ఉత్త ఫోటో చాలదు, ఏ స్థలంలో తీశారో దాని మీద నమోదు కావాలి, వెంటనే యాప్‌లోకి ఎక్కాలి. ఆ గోడల మందానికి హాలులో సిగ్నలు అందలేదు. మొదట గుమ్మం దగ్గరకు జరిగారు. ఫ్లెక్సీ విప్పి గుమ్మానికి కట్టారు. అక్కడా అందలేదు. వరండాలోకి జరిగారు. ఒక గీత కనిపించి మాయమైంది. చివరికి సిగ్నలు ఆవరణ చివర చింతచెట్టు కింద నిండుగా దొరికింది. ఫ్లెక్సీని చెట్టుకూ బస్సు అద్దం చువ్వకూ కట్టి, పిల్లల్ని ఎండలో మూడు వరుసలుగా నిలబెట్టి, ‘నవ్వండి’ అని ఆజ్ఞాపించి ఫోటో తీశారు. ఎక్కింది. మాస్టార్లు చప్పట్లు కొట్టారు. ఆ విధంగా మ్యూజియం సందర్శన మ్యూజియం బయట దిగ్విజయంగా ముగిసింది.

ఈ ఊరేగింపు మొదలయ్యే ముందు, తాడు ఇంకా బోర్డుకే ఉన్నప్పుడు, ఒక పిల్ల ఫ్లెక్సీ కింద నుంచి దూరి విగ్రహం దగ్గరకు వెళ్లిపోయింది. కాసేపు చప్పుడు లేదు. తరవాత అటువైపు నుంచే అడిగింది: “టీచర్, దీని చెయ్యి ఎవరు విరగ్గొట్టారు?”

“నువ్వేమైనా ముట్టుకున్నావా?” అని జవాబు. ఆ వెంటనే భుజం పట్టుకుని బయటకు లాగడం.

ఆ టీచరు మీద నాకు కోపం లేదు. ఫోటో ఎక్కకపోతే సాయంత్రానికల్లా సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆమే. కానీ ఆ రోజంతటిలో ఆ హాలులో పుట్టిన ఒకే ఒక్క ప్రశ్న అది. ఎవరు విరగ్గొట్టారు, ఎప్పుడు, ఎందుకు, విరగక ముందు ఆ చేతిలో ఏముండేది? చరిత్రా, శిల్పమూ, మతమూ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. దానికి మనం ఇచ్చిన జవాబు నేరారోపణ!

అమెరికాలో ఫిలిప్ యెనావిన్ అనే మ్యూజియం విద్యావేత్తా, అబిగేల్ హౌసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా కలిసి ఒక పద్ధతి రూపొందించారు. అందులో ప్రశ్నలు మూడు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? దేన్ని చూసి అలా అన్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? అంతే. పిల్లలు చూస్తారు, మాట్లాడతారు, ఒకరితో ఒకరు విభేదిస్తారు. ఖర్చు పైసా లేదు. మన పద్ధతిలోనూ ప్రశ్నలు మూడే. అందరూ వచ్చారా? ఫ్లెక్సీ తెచ్చారా? ఫోటో ఎక్కిందా?

అమెరికా ఎందుకు, వంశధార ఒడ్డునే చూద్దాం. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడి శాసనాల ముందు నిలబడి, చూసి చూసి, ఆ పాత లిపి చదవడం సొంతంగా నేర్చుకున్నాడు. కొండల్లో ఉండే సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చి నిఘంటువు చేశాడు. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో లోకానికి చూపించింది కూడా ఆయనే. వృత్తి రీత్యా బడి మాస్టారు! ఈ రోజుల్లో అయితే ముందస్తు అనుమతి లేకుండా గుడి గోడను అంతసేపు చూసినందుకు మెమో ఇచ్చేవారు, యాప్‌లో ఫోటో పెట్టనందుకు రెండోది.

చందమామ ముఖచిత్రాలతో మూడు తరాల పిల్లల్ని కట్టిపడేసిన వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే. తండ్రి డ్రాయింగు మాస్టారు. తొలి పాఠాలు ఆయన దగ్గరే. ఇప్పుడు మీ పిల్లల బడికి వెళ్లి డ్రాయింగు మాస్టారు ఎక్కడని అడగండి. ఆయన ఎప్పుడో రిటైరయ్యారు. ఆ పీరియడు లెక్కలకు వెళ్లింది, పదో తరగతి కదా! పదో తరగతి వరకు కళలు తప్పనిసరి పాఠ్యాంశం కావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. చెబితే చెప్పింది. సీతంపేట కొండల్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేసే సవర అమ్మమ్మ మనవడు మన బడికి వస్తే, గోడ మీద గీత గీసినందుకు వాడిని ఎండలో నిలబెడతాం. మళ్లీ వాడినే బస్సెక్కించి కళాభిరుచి కలిగిస్తామా? సిగ్గు లేదూ మనకు!

సరే, శాంతిస్తాను. అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం మే 18 అని 1977లోనే నిర్ణయించారు. ఆ రోజు మన బళ్లకు వేసవి సెలవులు. పిల్లలు లేకుండానే ఆ ఉత్సవం ఎంత ప్రశాంతంగా జరుపుకోవచ్చో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

వచ్చే ఏడాదికి అధికారులకు నాదొక వినయపూర్వకమైన సూచన. ఫ్లెక్సీని బడి ప్రాంగణంలోనే, సిగ్నలు బాగా ఉన్న చోట కట్టి ఫోటో తీయండి. విగ్రహం ఎలాగూ అందులో కనిపించదు కనుక ఎవరికీ అనుమానం రాదు. బస్సు మాత్రం రద్దు చేయకండి. వెనక సీటు ఖాళీగా ఉంటుంది కదా, ఆ చెయ్యి సంగతి అడిగిన పిల్లను అక్కడ కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నోటుపుస్తకం అట్ట వెనక బొమ్మలు గీసి తన్నులు తిన్నవాళ్లు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్లనూ ఎక్కించండి. డ్రైవరు ఫోను ముందే తీసి దాచేయండి.

టిఫిను పొట్లాల ఖర్చు నేను పెట్టుకుంటాను. సౌజన్యం అని నా ఫోటో వేయనక్కర్లేదు.