అణచివేతకో మీటరు

వివక్ష మీద సైన్స్ ఫిక్షన్ గేమ్ అనగానే మళ్లీ అదే తంతు. 2016 నాటి ‘డ్యూస్ ఎక్స్: మ్యాన్‌కైండ్ డివైడెడ్’నే తీసుకోండి. ప్రచారానికి ‘మెకానికల్ అపార్థీడ్’ అన్న మాట వాడుకున్నారు; అపార్థీడ్ అంటే దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను చట్టం పెట్టి వేరుచేసిన వర్ణవివక్ష. తీరా కథలో ఏముంది? 2027లో ఎవరో సిగ్నల్ పంపితే యంత్ర అవయవాలున్నవాళ్లు అదుపు తప్పి కనిపించినవాళ్లనల్లా చంపేశారు. అంటే జనం భయానికి గట్టి కారణం గేమే చేతికిచ్చింది. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు ఏం చేశారని? పోలిక అక్కడే కుప్పకూలింది.

గేమ్‌లోని ప్రాగ్ నగరం మెట్రోలో యంత్ర అవయవాలున్నవాళ్లకు వేరే బోగీలు. తప్పు బోగీ ఎక్కితే పోలీసు ఆపి, కాగితాలు చూసి, విసుక్కుని వదిలేస్తాడు. డబ్బు పోదు, మిషన్ చెడదు, దారి మూసుకుపోదు. నాలుగోసారికి అది వివక్షలా కాదు, తర్వాతి సీను వచ్చేదాకా కాచుకునే లోడింగ్ స్క్రీన్‌లా అనిపిస్తుంది. కనీసం దుకాణాల్లో ధరైనా పెంచొచ్చుగా!

‘డిట్రాయిట్: బికమ్ హ్యూమన్’ (2018) మరీనూ. బస్సులో ఆండ్రాయిడ్లకు, అంటే మనిషి రూపంలోని రోబోలకు, వెనక అర. గోడమీద రాయడానికి మార్టిన్ లూథర్ కింగ్ మాటను గుర్తుచేసే నినాదం ఒక ఆప్షన్. పైగా ప్రజాభిప్రాయానికో మీటరు! శాంతంగా ఉంటే పైకి, తిరగబడితే కిందికి. చివర్లో అది సరిపడా నిండితే ఒక పాటో ముద్దో చాలు, సైన్యం తుపాకులు దించేస్తుంది. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో హక్కుల కోసం శాంతంగా నడిచిన నల్లజాతి పిల్లల మీద కుక్కల్ని వదిలారు, ఫైరింజను గొట్టాలతో నీళ్లు కొట్టారు. వాళ్లకే మీటరు తక్కువైందట?

‘మాస్ ఎఫెక్ట్’ కాస్త నయం. క్రోగన్లనే గ్రహాంతరజాతి సంతానాన్ని అణిచే జీనోఫేజ్ అనే జీవాయుధానికి పదును పెట్టిన శాస్త్రవేత్త మోర్డిన్ మన అంతరిక్ష నౌకలోనే ఉంటాడు, ఎదురుగా నిలబడి లెక్కలతో సమర్థించుకుంటాడు.