కోడ్ అందరిదీ, అనుమతి ఒకరిదా?

డబ్బు పెట్టి కొనుక్కున్న ఫోన్‌లో ఏ యాప్ వేసుకోవాలో ఎవరు తేల్చాలి? కొన్నవారేనని ఎవరైనా చెబుతారు. ఆండ్రాయిడ్‌లో ఇన్నేళ్లూ దాదాపు అలాగే నడిచింది. 2025 ఆగస్టులో గూగుల్ చేసిన ప్రకటన ఆ నడక మార్చేదే. గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలోకి ఒక యాప్ ఎక్కాలంటే, దాన్ని తయారుచేసినవారు తమ గుర్తింపు వివరాలిచ్చి గూగుల్ దగ్గర నమోదు కావాలి. ప్లే స్టోర్ గడప తొక్కని యాప్‌కూ ఇదే షరతు. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామని సంస్థ చెప్పింది.

మోసాలను అరికట్టడానికే ఇదంతా అంటున్నారు. ఆ భయం నిజమైనదే. ‘మీ ఖాతా ఆగిపోతుంది, ఈ లింక్ నొక్కండి’ అని ఫోన్ వస్తుంది. ఆ టెన్షన్‌లో ఏపీకే ఫైల్, అంటే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసుకునే ఫైల్, దిగిపోతుంది. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే ఓకే నొక్కేస్తాం. అంతే, ఓటీపీలన్నీ అవతలివాడి చేతిలో పడతాయి. ఇలా జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నవారి బాధను తేలిగ్గా తీసుకోలేం. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. దొంగ గుర్తింపు కార్డులు సంపాదించడం మోసగాళ్లకు కొత్త కాదు. బయటి నుంచి వచ్చిన యాప్‌లను కూడా ఫోన్‌లోని గూగుల్ భద్రతా ఏర్పాటు ప్లే ప్రొటెక్ట్ ఇప్పటికే తనిఖీ చేస్తోంది. అలాంటి యాప్‌లకు ప్రమాదకరమైన అనుమతులు సులువుగా దొరకకుండా 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 అడ్డు పెట్టింది. పదును పెట్టాల్సింది ఆ కాపలాకే.

దెబ్బ పడేది ఎఫ్-డ్రాయిడ్ లాంటి వేదికల మీద. 2010 నుంచి స్వచ్ఛందంగా నడుస్తున్న ఈ యాప్‌ల భాండాగారం వాటి సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠం) తెచ్చుకుని, దాన్నుంచి తానే యాప్‌ను తయారుచేసి, చాలావాటికి తన డిజిటల్ సంతకంతోనే అందిస్తుంది. వాటిని రాసినవారంతా వెళ్లి గూగుల్ దగ్గర నమోదు కావాలని శాసించే అధికారం దానికి లేదు. ఈ నిబంధన తమ ప్రాజెక్టుకు ముగింపే అవుతుందని ఎఫ్-డ్రాయిడ్ బాహాటంగానే చెప్పింది.

అనుమతి ఒక్కచోట పోగుపడితే ఏమవుతుందో 2021 సెప్టెంబర్‌లో రష్యాలో చూశాం. ఎన్నికల వేళ ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి ప్రతిపక్ష నేత నవాల్నీ బృందం యాప్‌ను ఆపిల్, గూగుల్ రెండూ తమ స్టోర్ల నుంచి తీసేశాయి. ఆండ్రాయిడ్‌లో ఏపీకే దారి మిగిలింది. ఐఫోన్‌లో అదీ లేదు. ఇప్పుడు ఆ మిగిలిన దారికీ గేటు పెడతామంటున్నారు.

ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్నది కాబట్టి, దాని మీద కట్టిన వేరే సిస్టమ్ వేసుకోవచ్చంటారు. గ్రాఫీన్ ఓఎస్, లీనియేజ్ ఓఎస్ ఉన్నమాట నిజమే. అయితే చాలా ఫోన్లలో బూట్‌లోడర్, అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్, తాళం తెరుచుకోదు. తెరిచి వేసుకున్నా, ఫోన్ నమ్మదగినదో కాదో గూగుల్ తేల్చే ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష నెగ్గలేదని కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడన్నట్టుంది.

విమర్శలు పెరిగాక, 2025 నవంబర్‌లో గూగుల్ కాస్త వెనక్కి తగ్గింది. ప్రమాదం తెలిసి ముందుకెళ్లే అనుభవజ్ఞులకు ప్రత్యేక మార్గం ఇస్తామంది. మంచిదే. ఆ మార్గం గూగుల్ ఖాతా అడగకూడదు, ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకోవాలి. గూగుల్ ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగల ప్లే సర్వీసెస్ అనే తన సొంత ప్రోగ్రామ్‌లో కాక, అందరూ చదవగలిగే ఆండ్రాయిడ్ కోడ్‌లోనే ఉండాలి. ఈ మేరకు రాతపూర్వక హామీని నియంత్రణ సంస్థలు ఇప్పుడే అడిగి తీసుకోవాలి.