రొంపకి రెండు రోజులు ఇవ్వలేమా?

సాయంత్రం ఏడు దాటాక మా సందు చివర మెడికల్ షాపు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, హైదరాబాద్‌లో ఏ జబ్బు తిరుగుతోందో తెలిసిపోతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచి అక్కడ ఒకటే మాట. "అన్నా, సర్ది అయింది, గొంతు నొప్పి, ఒళ్ళంతా పీకుతోంది. రేపు డ్యూటీకి పోవాలె. జర గట్టిది ఇయ్యి." షాపతను ఎన్ని రోజులైందని అడగడు, జ్వరం ఉందా అనీ అడగడు. ఒక పారాసెటమాల్, ఒక సెట్రిజిన్, ఒక గ్యాస్ మాత్ర, వాటితో పాటు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు మాత్రల స్ట్రిప్ తీసి చిన్న కాగితం కవర్లో వేస్తాడు. కవరు మీద పెన్నుతో పొద్దున ఒక గీత, రాత్రికి ఒక గీత. వైద్యం అయిపోయింది.

ఆ "గట్టిది" అన్న మాట దగ్గరే నాకు పేచీ. జలుబుకి గట్టి మందంటూ లేదు. జలుబు తెచ్చే వైరస్‌లు 200కి పైగా ఉన్నాయి. అందులో రైనోవైరస్‌లే 160కి పైగా రకాలు. ఈసారి వచ్చింది పోయినసారి వచ్చిన దానికి చుట్టమే కావచ్చు గానీ అదే కాదు. అందుకే పెద్దవాళ్ళకి ఏడాదికి రెండు మూడుసార్లు, బడికెళ్ళే పిల్లలకి ఆరేడుసార్లు రావడం మామూలే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది, వైరస్‌ని ఏమీ చెయ్యదు. ఇది ఇప్పుడు ఎవరికీ కొత్త సంగతి కాదు. హెచ్3ఎన్2 ఫ్లూ విజృంభించిన 2023 మార్చిలో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ డాక్టర్లకే ఒక నోటు పంపింది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, అజిత్రోమైసిన్ లాంటివి రాయకండి అని దాని సారాంశం. అప్పటికే, దేశంలో ప్రైవేటు రంగంలో అమ్ముడయ్యే యాంటీబయాటిక్స్‌పై 2022లో ప్రచురితమైన అధ్యయనంలో మొదటి స్థానం అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రది.

తెలిసి కూడా ఎందుకు మింగుతున్నాం? అమాయకత్వం అనుకోను. లెక్క ఇలా ఉంటుంది. జలుబు మొదటి రోజు గొంతులో గరగరగా మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది. ఆ తర్వాత దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. మనం షాపుకి వెళ్ళేది సరిగ్గా మూడో రోజు, ఇక భరించలేనప్పుడు. మాత్ర వేసుకున్న మర్నాడు కాస్త తేలికవుతుంది. పేరు మాత్రకి దక్కుతుంది. చీమిడి పచ్చగా మారితే "ఇన్‌ఫెక్షన్ అయింది, ఇక యాంటీబయాటిక్ తప్పదు" అనుకోవడం ఇంకో అలవాటు. మామూలు జలుబులో కూడా రెండు మూడు రోజులకి అది పచ్చబడుతుంది. మన తెల్ల రక్తకణాలు పని చేస్తున్నాయని దానికి అర్థం. "మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు" అని జోకులేసుకునేదీ మనమే, కవరు పట్టుకుని ఇంటికెళ్ళేదీ మనమే. నేనేం తక్కువ తినలేదు. ఒక పెళ్ళికి ముందు రోజు ఇలాగే మూడు మాత్రలు మింగాను. జలుబు దాని టైముకి అది తగ్గింది. పెళ్ళి భోజనం మాత్రం మజ్జిగ అన్నంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది, కడుపు అంతలా చెడింది.

"పడిశం పది రోగాల పెట్టు" అన్నారు పెద్దలు. దాన్ని తేలిగ్గా తీసుకోలేదన్న మాట. అలా తేలిగ్గా తీసుకోకపోయినా వాళ్ళు చేసింది చూడండి. మిరియాల చారు, శొంఠి కాఫీ, పసుపు పాలు, దుప్పటి కప్పుకుని పడుకోవడం. చారు వైరస్‌ని చంపదు, కానీ వేడి నీరు లోపలికి వెళుతుంది, గొంతుకి హాయిగా ఉంటుంది. నా లెక్కలో ఆ వైద్యంలో అసలు మందు దుప్పటే. ఆవిరి విషయంలో మాత్రం పెద్దల మాట పక్కన పెడతాను. దానితో జలుబు తొందరగా తగ్గుతుందని గట్టి రుజువు లేదు, మరిగే నీళ్ళ గిన్నె మీద పడి పిల్లలు కాల్చుకోవడం మాత్రం నిజం.

మన జలుబుకి ఒక చరిత్ర కూడా ఉంది, ఇక్కడ కాస్త దారి తప్పుతాను. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తెలుగు పత్రికా రంగం కొంతవరకు జలుబు, తలనొప్పుల మీద బతికిందంటే అతిశయోక్తి కాదు. ఇటు హైదరాబాద్‌లో 1920 నుంచి జిందా తిలిస్మాత్ సీసా లేని ఇల్లు అరుదు. ఇవి పని చేస్తాయా అంటే, చేసినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడం వెనక శాస్త్రం ఉంది. పిప్పరమెంటు పువ్వులోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నరాలని తాకుతుంది. ముక్కు దిబ్బడ అంతే ఉంటుంది గానీ గాలి ఆడుతున్నట్టు తోస్తుంది. రాత్రి నిద్ర పడితే అదే పదివేలు. బామ్ డబ్బా ఆ మేరకే మాట ఇస్తుంది. మెడికల్ షాపు కవరు ఇచ్చే మాట అంతకంటే చాలా పెద్దది.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ తొందర ప్రాణాంతకం అయింది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాఢా ప్రాంతంలో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తమిళనాడు పరీక్షల్లో తేలింది. అది రంగుల్లోనూ బ్రేకు ఆయిల్‌లోనూ వాడే విషం. తెలంగాణలోనూ ఔషధ నియంత్రణ అధికారులు ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరించారు. కల్తీ చేసినవాళ్ళని శిక్షించాలి, సరే. కానీ ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. ఆ పిల్లల్లో చాలామందికి వచ్చింది మామూలు జలుబు, దగ్గు. అసలు సిరప్ ఎందుకు? రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఐదేళ్ళలోపు వాళ్ళకి సాధారణంగా అక్కర్లేదు అని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు మళ్ళీ గుర్తు చేసింది. ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు, గోరువెచ్చని నీళ్ళు, ఏడాది దాటినవాళ్ళకి ఒక చెంచా తేనె చాలు. ఏడాది లోపు పిల్లలకి తేనె అస్సలు పెట్టకూడదు.

ఇక రాకుండా చూసుకోవడం. వానలో తడిస్తే జలుబు చేస్తుందా అన్న తగాదా ప్రతి ఇంట్లో ఉన్నదే. ఇంగ్లండ్‌లో సాల్స్‌బరీ దగ్గర 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. వలంటీర్లని స్నానం చేయించి, తడి ఒంటితో గాలి కొట్టే వరండాలో నిలబెట్టి, తడి సాక్సులు తొడిగారు. మిగతావాళ్ళ కంటే వాళ్ళకి జలుబులు ఎక్కువేమీ రాలేదు. 2005లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో కాళ్ళు చల్లటి నీళ్ళలో పెట్టించి చూస్తే మాత్రం, ఆ తర్వాతి రోజుల్లో జలుబు లక్షణాలు చెప్పినవాళ్ళు ఎక్కువే తేలారు. వానలో తడవొద్దనే అమ్మకి సగం మార్కులు ఇవ్వొచ్చు. వైరస్ లేకుండా తడిసినంత మాత్రాన జలుబు రాదు. వానాకాలంలో అసలు జరిగేది, అందరం కిటికీలు మూసుకుని ఒకేచోట కూర్చోవడం. ఏసీ బస్సు, ట్యూషన్ గది, నలభై మంది ఉన్న క్లాసు, అద్దాలు తెరుచుకోని ఆఫీసు. అక్కడ ఒకరు తుమ్మితే "చిరంజీవ" అంటాం గానీ కిటికీ తియ్యం.

కిటికీ, మాస్కు, దూరం ఎంత పని చేస్తాయో కోవిడ్ చూపించింది. ఫ్లూ వైరస్‌లలో 'బి' తరగతికి చెందిన యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. దాన్ని ఇక టీకాలో చేర్చక్కర్లేదని డబ్ల్యూహెచ్‌వో 2023లో చెప్పేసింది. రైనోవైరస్ అంత తేలిగ్గా లొంగలేదు, బడులు తెరవగానే తిరిగొచ్చింది. దాని మీద శానిటైజర్ ప్రభావం కూడా తక్కువ, సబ్బుతో కడుక్కోవడమే మేలు.

నిద్ర సంగతి చాలామందికి రుచించదు. అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకి పైగా నిద్రపోయేవాళ్ళ కంటే ఆరు గంటలలోపు పడుకునేవాళ్ళకి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకి పైగా ఉందని 2015లో తేల్చారు. విటమిన్ సి మాత్ర చప్పరించడం తేలిక, రాత్రి పదకొండుకి ఫోన్ పక్కన పెట్టడం కష్టం. ఆ విటమిన్ సి కూడా మామూలు మనుషులకి జలుబు రాకుండా ఆపలేదు. రోజూ వేసుకునేవాళ్ళకి కాస్త తొందరగా తగ్గుతుంది, అంతే. పుక్కిలించడానికి మాత్రం నేను ఓటేస్తాను. జపాన్‌లో 387 మందితో చేసిన ప్రయోగంలో రోజూ ఉత్త నీళ్ళతో పుక్కిలించినవాళ్ళలో జలుబులు 36 శాతం తగ్గాయి. అయోడిన్ మందు కలిపి పుక్కిలించినవాళ్ళకి అంత లాభం కనిపించలేదు.

ఫ్లూ వేరే కథ. మన దగ్గర అది వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి పెరుగుతుంది. ఏటా వేసుకోవాల్సిన టీకా ఉంది. షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, ముసలివాళ్ళు డాక్టర్‌ని అడిగి వానలకి ముందే వేయించుకుంటే మంచిది. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, తగ్గి మళ్ళీ తిరగబెట్టినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. పిల్లలైతే చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లలకి నిమిషానికి 40 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకి 50 లేదా ఎక్కువ ఉన్నా, పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతున్నా ఆలస్యం చెయ్యకూడదు.

ఇంత చెప్పాక కూడా షాపు దగ్గర నిలబడ్డ అతని మాటకి నా దగ్గర జవాబు లేదు. "రేపు డ్యూటీకి పోవాలె." అతను అడుగుతున్నది నిజానికి మందు కాదు, రేపటి హాజరు. పొద్దున బండి తియ్యకపోతే ఆ రోజు కూలి లేదు. నెల జీతగాళ్ళకి "జలుబుకి కూడా లీవా?" అన్న మేనేజర్ మెసేజ్ ఉంటుంది. బడుల్లో నూటికి నూరు శాతం హాజరుకి సర్టిఫికెట్ ఇచ్చి చప్పట్లు కొట్టిస్తారు. చీమిడి ముక్కుతో వచ్చి పక్క బెంచీ మొత్తానికి అంటించిన పిల్లాడికి కూడా.

నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కట్టేవాళ్ళ పరిస్థితి కాస్త మెరుగనుకుంటాం. జబ్బు చేస్తే జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ 1948 నాటి ఈఎస్ఐ చట్టంలో ఒక మెలిక పెట్టారు. పదిహేను రోజుల్లోపు మళ్ళీ జబ్బు పడితే తప్ప, మొదటి రెండు రోజులకి పైసా రాదని. దొంగ సెలవులు పెడతారన్న భయంతో రాసి ఉంటారు. జలుబు పక్కవాడికి ఎక్కువగా అంటేది, మనిషి మంచం దిగలేనిది సరిగ్గా ఆ మొదటి రెండు మూడు రోజులే. ఏడాదికి నాలుగు రోజులు, డాక్టర్ సర్టిఫికెట్ అడక్కుండా, జీతం కొయ్యకుండా ఇచ్చి చూడమనండి. అజిత్రోమైసిన్ అమ్మకాలు ఎంత తగ్గుతాయో ఆ సందు చివరి షాపతనే చెబుతాడు.