ఆ ఇతరములు ఏమిటని అడగకూడదు

బెంగళూరులో తెలుగు సంఘం నడపాలంటే ముందు కుర్చీల లెక్క తెలియాలి. కర్ణాటక సంఘాల నమోదు చట్టం, 1960 ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. ఏడుగురితో మాకు వేదిక కూడా నిండదండీ. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, వ్యవస్థాపక అధ్యక్షుడు, తాజా మాజీ అధ్యక్షుడు, ఇక్కడికే నాలుగు కుర్చీలు పోయాయి, ఇక ముగ్గురు ఉపాధ్యక్షుల్లో ఎవరు మధ్యలో కూర్చోవాలన్న దాని మీద మారతహళ్లిలో రెండు సంఘాలు పుట్టినా ఆశ్చర్యం లేదు.

బాధ్యతలు మాత్రం చక్కగా పంచుకున్నాం. ఉగాదికి దీపం వెలిగించడం అధ్యక్షుడి పని, ఆ ఫోటోలో పడేలా చెయ్యి చాచడం మిగతావాళ్ల పని. కోశాధికారి పదవికే ఎవరూ పోటీ పడరు. అందుకే దాన్ని కొత్తగా చేరిన, పెద్దవాళ్ల మాట కాదనలేని సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కట్టబెడతాం. మొన్న అతని చేతికి ఒక ఖాకీ కవరు అందింది. అందులో శాలువాల కొట్టువాడు చిత్తుకాగితం మీద వేసిచ్చిన లెక్క, భోజనాల అడ్వాన్సు రసీదు, "ఇతరములు" అని తప్ప ఇంకేమీ లేని ఓచరు ఉన్నాయి. దాని మీద సంతకం కూడా లేదు.

ఆ ఇతరములు ఏమిటని కుర్రాడు గ్రూపులోనే అడిగేశాడు! భోజనాల కాంట్రాక్టు అధ్యక్షుల వారి బావమరిదిదని, బయటి రేటు కంటే ఎక్కువ ఇస్తే సంఘం పన్ను మినహాయింపుకే ఎసరని కూడా రాశాడు. (నిజమే. సంఘం సొమ్ముతో కార్యవర్గం వాళ్లకో, వాళ్ల బంధువులకో లాభం చేకూరితే ఆదాయపు పన్ను శాఖ ఊరుకోదు.) ఇలాంటప్పుడే నాయకత్వం బయటపడుతుంది. పది నిమిషాల్లో గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మాట్లాడే వీల్లేకుండా పోయింది. ఆ ప్రశ్నను అజెండాలో పెట్టించి, జవాబును మినిట్స్‌లో రాయించడం అధ్యక్షుడి పని అని కొందరు చాదస్తులు అంటారు. మా మినిట్స్ సమావేశానికి ముందు రోజే తయారవుతాయి కాబట్టి అది కుదరదు.

సర్వసభ్య సమావేశానికి కోరం, అంటే కనీస హాజరు, ఎలా అని టెన్షన్ అక్కర్లేదు. హాజరు పట్టీని బొబ్బట్లు వడ్డించే చోట పెడితే సరి, ఆకు ముందు కూర్చున్నవాడు ఎందుకని అడగకుండా సంతకం పెట్టేస్తాడు. లెక్కలు ఆమోదించామని వాళ్లకు తెలియదు, తిన్నామని మాత్రం తెలుసు. ఆ లెక్కలే కార్యవర్గ జాబితాతో పాటు ఏటా రిజిస్ట్రారుకు వెళతాయి.

కుర్రాడికి అన్యాయం చేశామనుకోకండి, శాలువా కప్పి మరీ సలహా మండలిలోకి తీసుకున్నాం. సలహా మండలికి ఓటు ఉండదు, అది ఎప్పుడు సమావేశం కావాలో బైలాలో లేదు. ప్రస్తుతం కోశాధికారి పదవి ఖాళీగా ఉంది. కామర్స్ చదివినవాళ్లు దయచేసి దరఖాస్తు చేయవద్దు.